తెరచాప పడవలో ఉష్ణమండల తీరం వెంట ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

సెయిల్ బోట్ నడపడం కాస్త వచ్చిన వాళ్ళు, సరస్సుల్లోనో చల్లటి సముద్రాల్లోనో తిరిగొచ్చిన వాళ్ళు, ఇప్పుడు వేడి దేశాల తీరం వెంట ఊరి నుంచి ఊరికి, దీవి నుంచి దీవికి నెమ్మదిగా వెళ్ళాలనుకుంటూ అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు, కొన్నింటికి మాత్రం కాస్త ఓపిగ్గా చదవాలి.

మిగతా చోట్ల సెయిలింగ్‌కీ దీనికీ అసలు తేడా ఏంటి?

అందరూ గాలి గురించి అడుగుతారు గానీ నన్నడిగితే అసలు తేడా వెలుతురు. ఉష్ణమండలంలో ఏ నెలలో చూసినా పగలు దాదాపు 12 గంటలే, ఎండాకాలంలో రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురుండే దేశాల్లో అలవాటైన వాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. పైగా సూర్యుడు ఏటవాలుగా కాకుండా దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు కాబట్టి సంజె వెలుగు అరగంట కూడా నిలవదు, ఇంకా టైం ఉందిలే అనుకుంటుండగానే చీకటి పడిపోతుంది. తీరం దగ్గర పగడపు దిబ్బలుంటాయి, వాటిని కంటితో చూసి తప్పుకోవాలి, కంటితో చూడాలంటే ఎండ కావాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు కదా, ఇక్కడ ఆ దీపం సూర్యుడే, ఇంటి బదులు పడవ, అంతే. ఎన్నింటికి బయల్దేరాలి, ఎంత దూరం వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి అన్నీ ఈ ఒక్క లెక్క మీదే ఆధారపడతాయి, కింద చెప్పేవాటిలో సగం దీనికే తిరిగొస్తాయి కూడా.

ఏ సీజన్లో వెళ్ళాలి?

తుఫాన్లు లేని సీజన్లో. ఇందులో బేరాల్లేవు. ఉత్తర అట్లాంటిక్, కరీబియన్ వైపు హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, సెప్టెంబర్ 10 అటూ ఇటూ బాగా ఉధృతంగా ఉంటుంది, అందుకే అక్కడ తిరిగేవాళ్ళు డిసెంబర్ నుంచి మే లోపు తిరుగుతారు. ఆస్ట్రేలియా, దక్షిణ పసిఫిక్‌లో సీజన్ తిరగబడుతుంది, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్లు, మిగతా నెలల్లో ట్రేడ్ విండ్స్, అంటే ఆగ్నేయం నుంచి ఒకే దిక్కుగా వచ్చే గాలులు, నిలకడగా వీస్తాయి, క్వీన్స్‌ల్యాండ్ తీరం వెంట ఉత్తరానికి వెళ్ళే పడవలన్నీ ఆ గాలిని వెనకేసుకునే వెళ్తాయి. థాయిలాండ్ పశ్చిమ తీరం, అండమాన్ సముద్రం అయితే ఈశాన్య రుతుపవనాల టైం, అంటే నవంబర్ నుంచి ఏప్రిల్, బావుంటుంది. ఉత్తర హిందూ మహాసముద్రంలో రుతుపవనాలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అలా ఏడాదిలో రెండుసార్లు తుఫాన్ల జోరు ఉంటుంది. పశ్చిమ పసిఫిక్‌లో ఉత్తర భాగానికి మాత్రం పూర్తిగా సేఫ్ అనే నెల అంటూ లేదు.

భూమధ్యరేఖకి అటూ ఇటూ 5 డిగ్రీల లోపు తుఫాన్లు రావని చాలామంది ధీమాగా చెప్తారు, భూమి తిరగడం వల్ల గాలికి వచ్చే మెలిక అక్కడ చాలా తక్కువ కాబట్టి సుడి కట్టదు, ఆ మాట చాలావరకు నిజమే. కానీ 2001 డిసెంబర్లో వామెయ్ అనే టైఫూన్ సింగపూర్ పక్కనే, 1.5 డిగ్రీల దగ్గర పుట్టింది. అందుకని ధీమా ఉన్నా సరే రోజూ వాతావరణం చూడండి.

గాలి రోజంతా ఒకేలా ఉంటుందా?

ఉండదు, ఉండకపోవడమే మనకి మంచిది. పొద్దున్నే ఎండెక్కేకొద్దీ నేల వేడెక్కుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఇది ఉదయం 10, 11 మధ్య మొదలై మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా గట్టిగా వీచి పొద్దుగూకే వేళకి పడిపోతుంది. రాత్రి నేల సముద్రం కంటే త్వరగా చల్లబడుతుంది కాబట్టి అదే తిరగబడి నేల మీంచి సముద్రం వైపు పల్చగా గాలొస్తుంది, తెల్లవారుజామున బావుంటుంది, తీరానికి కొన్ని మైళ్ళ లోపే దొరుకుతుంది. తీరం వెంట గాలికి ఎదురు వెళ్ళాల్సి వచ్చినప్పుడు తెల్లవారకముందే లేచి ఈ నేలగాలి మీద తీరాన్ని ఆనుకుని సగం దూరం వెళ్ళిపోయి, మధ్యాహ్నం గాలి ఎదురొచ్చే టైంకి లంగరు వేసేసుకుని కూర్చునే వాళ్ళని చూస్తే ఇంత తేలికా అనిపిస్తుంది, పదింటికి టిఫిన్ చేసి బయల్దేరిన వాళ్ళు మాత్రం సాయంత్రం దాకా ఎదురుగాలితో కుస్తీ పడుతూనే ఉంటారు. ట్రేడ్ విండ్ ఉన్న చోట 15 నుంచి 20 నాట్ల (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) గాలి మామూలే, దానికి ఈ సముద్రపు గాలి కూడా కలిస్తే మధ్యాహ్నం 25 దాటుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

రోజుకి ఎంత దూరం ప్లాన్ చేసుకోవాలి?

30 నాటికల్ మైళ్ళు. 40 అంటే కొంచెం ఎక్కువే. లెక్క చెప్తాను చూడండి, 10, 11 మీటర్ల పడవ సగటున 5 నాట్లు అనుకుందాం, అంటే గంటకి సుమారు 9 కిలోమీటర్లు. పగలు 12 గంటలు కదా 60 మైళ్ళు వెళ్ళొచ్చు అనుకుంటారు. కానీ చేరేది సూర్యుడు పైనుండగా, మధ్యాహ్నం మూడు లోపు చేరాలి, అంటే ఆరింటికి బయల్దేరినా చేతిలో ఉన్నది 9 గంటలే, అందులో లంగరు తియ్యడానికి, గాలి పడిపోయినప్పుడు, ప్రవాహం ఎదురైనప్పుడు పోయేది తీసేస్తే ఇక మిగిలేది 30, 35 మైళ్ళే. మొదటి ప్రత్యామ్నాయం, రెండో ప్రత్యామ్నాయం అంటూ దారిలో ఆగడానికి ఇంకో రెండు చోట్లు కూడా ముందే చూసి పెట్టుకోండి, అనుకున్న చోటికి మూడింటికల్లా చేరలేమని తెలిసిన వెంటనే దగ్గర్లో ఉన్నదానిలోకి వెళ్ళిపోవాలి.

ఇంకో మాట, ఫలానా తారీఖున ఫలానా ఊళ్ళో ఫ్లైట్ ఎక్కాలి, ఫలానా రోజు ఫ్రెండ్స్ వచ్చి ఎక్కుతారు, ఇలాంటివి పెట్టుకోకండి. తీరం మీద చెడిపోయిన ప్రయాణాల్లో ఎక్కువ భాగం తారీఖు కోసం తొందరపడి వెళ్ళినవే. ఫ్రెండ్స్‌కి రోజైనా చెప్పండి, ఊరైనా చెప్పండి, రెండూ చెప్పొద్దు.

పగడపు దిబ్బల మధ్యలోంచి పడవ ఎలా తీసుకెళ్ళాలి?

ఇది అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న, కొంచెం వివరంగా చెప్తాను.

సూర్యుడు ఎత్తులో ఉండాలి, వీపు వైపు ఉండాలి. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 మధ్య సరైన టైం. పడమరకి వెళ్ళాల్సిన సందులోకి పొద్దున, తూర్పుకి వెళ్ళాల్సిన దాన్లోకి మధ్యాహ్నం దాటాక వెళ్ళాలి. సూర్యుడు ఎదురుగా ఉంటే నీళ్ళన్నీ వెండి రేకులా మెరిసిపోతాయి, కిందేముందో ఒక్క ముక్క కనిపించదు. పోలరాయిడ్ కళ్ళద్దాలు తప్పనిసరి, ఇవి లేకుండా వెళ్ళడం కళ్ళు మూసుకుని వెళ్ళడంతో సమానం. ఒక మనిషి చుక్కాని దగ్గర, ఇంకో మనిషి ముందు కొసన నిలబడాలి, మాస్ట్ (తెరచాప స్తంభం) మీద కొంత ఎత్తుకి ఎక్కగలిగితే ఇంకా మంచిది, ఎత్తు పెరిగేకొద్దీ కింద నీళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. అరుచుకోవద్దు, గాలికి వినపడదు, చేత్తో సైగలు ముందే అనుకోండి.

ఇక రంగులు. ముదురు నీలం అంటే లోతు, 20 మీటర్లు ఆపైన. నీలం ఆకుపచ్చ కలిసిన నెమలికంఠం రంగు అంటే ఇసక అడుగు, 5 నుంచి 10 మీటర్లు. ఆ రంగు పలచబడి పాలిపోతున్నకొద్దీ లోతు తగ్గుతుంది, తెల్లటి ఇసక రంగు వస్తే ఇక కీల్ (పడవ అడుగున నీళ్ళలోకి దిగి ఉండే రెక్క) తగులుతుందన్నమాట. గోధుమరంగు, పసుపు కలిసిన గోధుమరంగు కనిపించిందా, అది పగడమే, పైకి దగ్గరగా ఉంది, తిప్పేయండి. సముద్రపు గడ్డి కూడా ముదురు మచ్చలా ఉంటుంది, మొదట్లో రెండింటికీ తేడా తెలియదు, తెలియనప్పుడు పగడమే అనుకుని తప్పుకోండి. మబ్బు నీడ కూడా మచ్చలా కనిపిస్తుంది కానీ అది కదులుతుంది. వాన పడ్డ తర్వాత, నదులు కలిసే చోట నీళ్ళు బురదగా ఉంటే ఈ రంగుల చదువేం పనికి రాదు, అలాంటి చోట్ల లోతు చూపించే మీటరు, నెమ్మదైన వేగం, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళే ఓపిక, ఈ మూడే.

ఇంకొకటి, వీలైతే నీళ్ళు పెరుగుతున్న పోటు మీద వెళ్ళండి, పొరపాటున తగిలినా పెరిగే నీళ్ళు లేపుతాయి, తగ్గుతున్నప్పుడు తగిలితే గంటల తరబడి పక్కకి ఒరిగి పడుండాలి.

నేను ఒకసారి సాయంత్రం నాలుగు దాటాక పడమర వైపు సందులోకి దూరాను. చార్ట్ (సముద్రపు మ్యాపు) ఉంది, దారి ఈజీ, ఇంకో అరగంటలో లోపల ఉంటాం అనుకున్నా. ముందు నిలబడ్డ మా వాడు చెయ్యెత్తి ఆపు ఆపు అని సైగ చేసేటప్పటికి మేం గోధుమరంగు మచ్చ మీదే ఉన్నాం, ఇంజిన్ రివర్స్ వేశాను, కీల్ గీరుకున్న చప్పుడు పడవంతా వినిపించింది. పడవకి పెద్దగా ఏం కాలేదు, కింద పగడం మాత్రం విరిగే ఉంటుంది, అది ఒక చెయ్యి మందం పెరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలిసాక ఆ చప్పుడు నాకు ఇంకా బాధ అనిపిస్తుంది. ఆ రోజు నుంచి మూడు దాటితే కొత్త సందులోకి వెళ్ళను.

జీపీఎస్, చార్ట్ ప్లాటర్ ఉన్నాయి కదా, ఇవన్నీ ఎందుకు?

జీపీఎస్ తప్పు చెప్పదు, చార్ట్ తప్పు చెప్తుంది. మీరెక్కడున్నారో జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతో చూపిస్తుంది, కానీ చాలా ఉష్ణమండల తీరాల చార్ట్‌లు ఎప్పుడో పాతకాలంలో తాడుకి సీసం గుండు కట్టి లోతు కొలిచిన సర్వేల మీదే నడుస్తున్నాయి, ఆ గుండు పడని చోట దిబ్బ ఉందో లేదో ఎవరికీ తెలియదు. కొన్ని చార్ట్‌ల్లో దీవి మొత్తం అసలు చోటు నుంచి కొన్ని వందల మీటర్లు పక్కకి ఉంటుంది, స్క్రీన్ మీద మీ పడవ కొండ మీద లంగరు వేసినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు చాలామంది శాటిలైట్ ఫోటోలు ముందే డౌన్‌లోడ్ చేసుకుని చార్ట్‌తో కలిపి చూస్తున్నారు, అది నిజంగా పెద్ద మేలు, దిబ్బలు అందులో బాగా కనిపిస్తాయి. అయినా చివరి మాట కంటిదే.

బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ కథ చెప్పాలి ఇక్కడ. 1770 జూన్ 11 రాత్రి ఆయన ఎండీవర్ ఓడ ఆస్ట్రేలియా తూర్పు తీరం పక్కనున్న గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల వరస మీద కూర్చుండిపోయింది, ఆ టైంకి వెన్నెల ఉంది, లోతు కొలుస్తూనే ఉన్నారు, లోతు బాగానే ఉందని చెప్పిన కాసేపటికే తగిలింది. ఆరు ఫిరంగులతో సహా నలభై, యాభై టన్నుల సామాను సముద్రంలో పారేసి, దాదాపు ఒక రోజు తర్వాత పోటు మీద బయటపడ్డారు. కంతకి బయటినుంచి ఉన్ని, నారపీచు అంటించిన తెరచాప చుట్టి నీళ్ళు ఆపుకుంటూ తీరానికి చేరి, ఇప్పుడు కుక్‌టౌన్ ఉన్న చోట ఏడు వారాలు రిపేరు చేసుకున్నారు. పెద్ద కంతలో ఒక పగడపు ముక్కే విరిగి ఇరుక్కుని అడ్డం పడబట్టి మునిగిపోలేదు. ఆ ఫిరంగులు 1969లో దొరికాయి. అంత నావికుడికే రాత్రి పూట కనిపించని దిబ్బ మనకి కనిపిస్తుందా చెప్పండి.

లంగరు ఎలా వెయ్యాలి, ఎంత గొలుసు వదలాలి?

పూర్తిగా గొలుసే అయితే లోతుకి 5 రెట్లు, గొలుసు కొంచెం తాడు ఎక్కువ అయితే 7 రెట్లు. లోతు అంటే మీటరు చూపించేది ఒక్కటే కాదు, చాలామంది ఇక్కడే తప్పుతారు. ఉదాహరణకి నీళ్ళు 4 మీటర్లు, పడవ ముందు కొస నీళ్ళ మీంచి 1 మీటరు ఎత్తు, పోటుకి ఇంకో మీటరు పెరుగుతుంది, అంటే మొత్తం 6, దానికి 5 రెట్లు అంటే 30 మీటర్ల గొలుసు. గాలి పెరిగితే ఇంకా వదలండి, గొలుసు లాకర్లో దాచుకుంటే ఏం లాభం.

ఇసక అడుగు చూసుకోండి, పడవని గాలికి ఎదురు నిలిపి ఆపి, వెనక్కి జరగడం మొదలయ్యాక లంగరు దించి, గొలుసు కుప్ప పడకుండా పరుస్తూ వెనక్కి వెళ్ళండి. తర్వాత ఇంజిన్ రివర్స్‌లో నెమ్మదిగా మొదలెట్టి గట్టిగా లాగండి, తీరం మీద రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి కలిపి చూస్తే పడవ జరుగుతుందో లేదో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఉష్ణమండలంలో మనకున్న గొప్ప సుఖం ఏంటంటే నీళ్ళు వెచ్చగా, తేటగా ఉంటాయి, ఈత కళ్ళద్దాలు పెట్టుకుని దూకి లంగరు కళ్ళారా చూసి రావొచ్చు, చల్లటి సముద్రాల్లో ఈ వీలు లేదు. ఇసకలో పూర్తిగా దిగిందా, పక్కకి పడుందా చూస్తే ఆ రాత్రి నిద్ర పడుతుంది. గొలుసు మీద భారం పడకుండా నైలాన్ తాడుతో స్నబ్బర్ కట్టడం, ఫోన్లో యాంకర్ అలారం పెట్టుకోవడం మర్చిపోకండి.

రాత్రి గాలి తిరుగుతుంది అని పైన చెప్పాను కదా, సాయంత్రం మీకు వెనక అందంగా కనిపించిన దిబ్బ రాత్రి నేలగాలికో మబ్బుగాలికో పడవ తిరిగాక ఎటు వస్తుందో చూసుకోండి. చుట్టూ పూర్తి వృత్తం ఖాళీ ఉండాలి.

పగడం మీద లంగరు వెయ్యొచ్చా?

వద్దు. బతికున్న జీవం అది, లంగరు కంటే గొలుసు ఎక్కువ నాశనం చేస్తుంది, గాలి తిరిగినప్పుడల్లా చుట్టూ ఊడ్చేస్తుంది. మూరింగ్ బోయ్ (పడవలు కట్టుకోవడానికి అడుగున బిగించి పెట్టిన తేలే బంతి) ఉంటే దానికి కట్టండి, కట్టేముందు దాని తాడు కిందికి దిగి చూడండి. ఇసక మధ్యలో అక్కడక్కడా పగడపు గుండ్లుండే చోట, దక్షిణ పసిఫిక్‌లోని టువామోటు అటోల్స్ (ఉంగరంలా ఉండే పగడపు దీవులు) లాంటి వాటిలో, గొలుసుకి కొంత దూరానికొకటి చిన్న తేలే బంతులు కట్టి గొలుసు పగడం మీద పడకుండా పైకి తేల్చుతారు, చాలా మంచి పద్ధతి, పైగా గొలుసు చుట్టుకుపోయి పొద్దున్నే లంగరు రాక తంటాలు పడే బాధ కూడా తప్పుతుంది.

స్క్వాల్ (ఉన్నట్టుండి విరుచుకుపడే గాలివాన) వస్తే ఏం చెయ్యాలి?

నల్లటి మబ్బు, కింద బూడిదరంగు వాన తెర, దాని ముందు నీళ్ళ మీద తెల్లగా నురుగు గీత, ఇది వస్తుంటే పది పదిహేను నిమిషాల్లో 10 నాట్ల గాలి కాస్తా 35, 40 అవ్వొచ్చు. సాధారణంగా అరగంట లోపు దాటిపోతుంది. తెరచాప కుదించాలా వద్దా అని మనసులోకి వచ్చిన ఆ క్షణమే కుదించేయండి. ముందు తెరచాప చుట్టేసి, మెయిన్ తెరచాప కుదించి, పైనున్న కిటికీలు మూసి, అందరూ హార్నెస్ (మనిషిని పడవకి కట్టి ఉంచే పట్టీ) తగిలించుకుని కూర్చుంటే అది ఉత్త వానస్నానం. రాత్రి ప్రయాణంలో అయితే చీకటి పడకముందే ఒక మెట్టు కుదించి పెట్టుకోవడం మంచి అలవాటు. రాడార్ ఉంటే వాన మబ్బులు మైళ్ళ దూరం నుంచే కనిపిస్తాయి.

పిడుగుల భయం ఉండదా?

ఉంటుంది, నిజం చెప్తున్నా, నాకు ఉంటుంది. చుట్టూ నీళ్ళ మధ్యలో ఎత్తైనది మన మాస్టే. మాస్ట్, రిగ్గింగ్ (దాన్ని పట్టి ఉంచే తీగలు) లోహం ముట్టుకోకండి, నీళ్ళలో ఉంటే పైకొచ్చేయండి, రేడియో యాంటెన్నా వైర్లు ఊడదీయండి, చేతి జీపీఎస్, చేతి రేడియో, ఫోను తీసుకెళ్ళి వంటింటి ఓవెన్లో పెట్టేయండి, ఆ లోహపు డబ్బా కొంత కాపాడుతుంది. పిడుగు పడ్డాక పడవ అడుగున ఎక్కడైనా నీళ్ళు వస్తున్నాయేమో చూడటం మొదటి పని.

నిజంగా తుఫానే వస్తే?

రాకముందే వెళ్ళిపోవాలి, ఇదే జవాబు. ఫోర్కాస్ట్ దొరక్కపోతే బారోమీటర్ చూడండి. ఉష్ణమండలంలో పీడనం గడియారంలా నడుస్తుంది, రోజూ ఉదయం 10కి, రాత్రి 10కి దగ్గర్లో పైకి, తెల్లవారుజామున 4కి, సాయంత్రం 4కి కిందికి వస్తుంది. ఆ లయ చెడిందంటే ఏదో ఉంది. ఆ టైంకి ఆ చోట ఉండాల్సిన దానికంటే 3 మిల్లీబార్లు తగ్గితే అనుమానించాలి, 5 తగ్గితే తుఫాను దగ్గర్లో ఉన్నట్టే లెక్క. అందుకే మామూలు రోజుల్లో కూడా పొద్దునా సాయంత్రం నోట్‌బుక్‌లో రాసుకోమని చెప్తుంటాను, మామూలు ఎంతో తెలియకపోతే తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది.

ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం ఎడమవైపు ఉంటుంది, దక్షిణార్ధంలో కుడివైపు. అది వెళ్ళే దిశలో చూస్తే ఉత్తరాన కుడి సగం, దక్షిణాన ఎడమ సగం ఎక్కువ ప్రమాదం. తీరం మీద దాక్కోవాల్సి వస్తే మడ అడవుల మధ్య పాయలు మంచి చోటు, లోపలికి దూరి లంగర్లు వేసి చెట్ల మొదళ్ళకి అన్ని వైపులా తాళ్ళు కడతారు. కట్టేశాక మనుషులు పడవలో ఉండకండి. పడవ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

ఎలాంటి పడవ కావాలి? కటమరాన్ (రెండు పడవలు జంటగా కలిపినట్టుండేది) మంచిదా?

తీరం వెంట నెమ్మదిగా తిరగడానికి కటమరాన్‌కి రెండు లాభాలు, తక్కువ లోతులో వెళ్తుంది, లంగరు మీద ఊగకుండా ఉంటుంది. మామూలుగా ఒకే శరీరం ఉండే మోనోహల్‌కి కీల్ కిందికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు ఉంటే కటమరాన్‌కి మీటరు అటూ ఇటూ. నష్టం ఏంటంటే సామాను ఎక్కించేకొద్దీ దాని నడక పాడవుతుంది, గాలికి ఎదురు అంత బాగా వెళ్ళదు, మెరీనాల్లో చోటు కష్టం. నా వరకు 10, 11 మీటర్ల మోనోహల్, ఇద్దరు మనుషులు, ఇదే చాలు. దానికంటే ముఖ్యమైనవి నీడ, గాలి. కాక్‌పిట్ మీద పూర్తి నీడ, పైన గాలి లోపలికి తోలే గుడ్డ తూము, ప్రతి పడక మీద చిన్న ఫ్యాన్. లేత రంగు డెక్. ముదురు రంగు డెక్ మీద మధ్యాహ్నం కాలు పెట్టలేరు.

ఎండ తెరచాపల కుట్లని కూడా తినేస్తుంది, గుడ్డ బానే ఉంటుంది దారం పిండైపోతుంది, అందుకే దింపిన వెంటనే కవర్ వెయ్యండి.

ఇంజిన్ గురించి ఏం చూసుకోవాలి?

డీజిల్ ఫిల్టర్లు ఎక్కువ తీసుకెళ్ళండి. వేడి, తేమ ఉన్న చోట ట్యాంకు అడుగున నీళ్ళు చేరి, డీజిల్‌కీ నీళ్ళకీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది, ట్యాంకు నిండుగా ఉంచితే తేమ చేరే చోటు తక్కువ. చల్లబరిచే నీళ్ళ పంపు ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) స్పేర్ రెండు. పొగగొట్టం నుంచి నీళ్ళు పడుతున్నాయా అని స్టార్ట్ చెయ్యగానే తొంగి చూడండి, నీళ్ళు లోపలికి తీసుకునే కంతకి ప్లాస్టిక్ కవరో జెల్లీఫిషో అడ్డం పడటం మామూలు.

నీళ్ళు, కరెంటు?

తాగడానికి, వంటకి మనిషికి రోజుకి 4, 5 లీటర్లు, ఇంతకంటే తగ్గించొద్దు. గిన్నెలు ముందు సముద్రపు నీళ్ళతో, ఆఖర్న కొంచెం మంచినీళ్ళతో. మంచినీళ్ళన్నీ ఒకే ట్యాంకులో పెట్టకండి, ఒకటి కారిపోయినా పాడైనా ఇంకోటి ఉండాలి. వాటర్ మేకర్ (సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రం) ఉంటే హాయే గానీ హార్బర్లో, నూనె తేలే నీళ్ళలో నడపకండి, దాని మెంబ్రేన్ (వడపోత పొర) పోతుంది. వాన నీళ్ళు నీడగుడ్డ నుంచి పైపు పెట్టి పట్టుకోవచ్చు, మొదటి పది నిమిషాలు ఉప్పు, దుమ్ము కడుక్కుపోనివ్వండి.

కరెంటు తినేది ముఖ్యంగా ఫ్రిజ్. సోలార్ ప్యానెళ్ళ మీద మాస్ట్ నీడ సన్నగా పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది, అందుకని ఎన్ని వాట్లు అన్నదానికంటే ఎక్కడ పెట్టారన్నది చూడండి.

రాత్రి ప్రయాణం చెయ్యొచ్చా?

తీరానికి దగ్గరగా వద్దు. లైట్లు లేని చిన్న చేపల పడవలు, తేలే వలలు, మైళ్ళ పొడవు తాళ్ళు, ఇవన్నీ తీరం పక్కనే ఉంటాయి, వాటిలో మనుషులు తమ బతుకు కోసం ఉన్నారు, మనం సరదాకి వెళ్తున్నాం, జాగ్రత్త మనమే పడాలి. తప్పనిసరైతే బాగా బయటికి లోతులోకి వెళ్ళి, ఇద్దరు వంతులవారీగా మూడేసి గంటలు కాపలా ఉంటూ, తెల్లవారాక, సూర్యుడు పైకొచ్చాక మాత్రమే తీరానికి రండి. ముందే చేరిపోతే బయటే ఆగండి, తెరచాప ఒకటి ఎదురు తిప్పి కట్టి పడవని దాదాపు నిలబెట్టేయొచ్చు, టీ పెట్టుకుని కూర్చోవచ్చు. ఇంజిన్ కూడా వేసుకుని వెళ్తుంటే తెరచాప ఎత్తి ఉన్నా రూల్స్ ప్రకారం మీది మోటార్ పడవే, లైట్లు కూడా దానివే వెయ్యాలి.

నదీముఖంలోకి వెళ్ళేటప్పుడు?

పోటు మీద, అది కూడా ఆఖరి భాగంలో, ఆటు మీద ఎప్పుడూ వద్దు. బయటికి వచ్చే నది నీళ్ళు, లోపలికి వచ్చే అలలు ఎదురెదురుగా కొట్టుకుని ఇసకమేట మీద అలలు నిట్టనిలువుగా విరుగుతాయి. బయటినుంచి చూస్తే అలల వీపులే కనిపిస్తాయి, చిన్నగా ఉన్నట్టు ఉంటాయి, మోసపోకండి.

ఆరోగ్యం సంగతి?

ఎండ మొదటి శత్రువు. పొడుగు చేతుల చొక్కా, టోపీ, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు బోలెడు పెట్టుకోండి, అయిపోతే లీటరు శుభ్రమైన నీళ్ళకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు.

పగడం గీరుకుంటే చిన్న గాయం అని వదలకండి, శుభ్రంగా బ్రష్‌తో కడిగి ముక్కలు తీసి ఆరనివ్వాలి, తేమలో చిన్న గీతే పుండై నెలలు తీసుకుంటుంది. స్టోన్‌ఫిష్, లయన్‌ఫిష్ ముల్లు గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలు దాటకుండా, ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. బాక్స్ జెల్లీఫిష్ ఉండే చోట్ల వెనిగర్ సీసా దగ్గర పెట్టుకోండి, కనీసం 30 సెకన్లు పొయ్యాలి, అది ప్రాణాల మీదికి తెచ్చేది కాబట్టి వెంటనే సహాయం పిలవాలి.

దిబ్బల దగ్గర పట్టిన పెద్ద చేపలు, ముఖ్యంగా బారకూడా, పెద్ద గ్రూపర్ తినొద్దు. సిగ్వాటెరా అనే విషం చిన్న చేపల నుంచి పెద్ద చేపల్లో పేరుకుంటుంది, ఉడికించినా, ఫ్రీజ్ చేసినా పోదు, రుచి వాసన ఏం తేడా ఉండదు. వాంతులతో పాటు చల్లటి వస్తువు ముట్టుకుంటే కాలినట్టు ఉండటం దీని గుర్తు. బయట లోతు సముద్రంలో పట్టిన ట్యూనా లాంటి చేపలతో ఈ బెడద లేదు, పట్టిన వెంటనే చల్లగా పెడితే చాలు. దోమల విషయంలో తీరానికి కొంచెం దూరంగా, గాలి ఆడే చోట లంగరు వేస్తే సగం సమస్య పోతుంది, డెంగ్యూ దోమ పగలే కుడుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

మొసళ్ళు ఉంటాయా?

ఉత్తర ఆస్ట్రేలియా, న్యూగినియా, ఆగ్నేయాసియాలో కొన్ని చోట్ల ఉప్పునీటి మొసళ్ళుంటాయి, సముద్రంలో కూడా ఈదుతాయి. అక్కడ లంగరు చూడటానికి దూకడం, డింగీ (పడవ నుంచి తీరానికి వెళ్ళే చిన్న పడవ) అంచున కాళ్ళు వేలాడేయడం, రోజూ ఒకే చోట చేపలు కడగడం, మూడూ బంద్.

సేఫ్టీకి తప్పనిసరిగా ఏం ఉండాలి?

406 మెగాహెర్ట్జ్ ఈపీఐఆర్బీ, అంటే ఆపదలో మీరున్న చోటు శాటిలైట్లకి చెప్పే పెట్టె, మీ పేరు మీద రిజిస్టర్ చేసి. పాత 121.5 సిగ్నల్‌ని శాటిలైట్లు వినడం 2009 ఫిబ్రవరి నుంచి ఆపేశాయి, పాత పెట్టెల మీద నమ్మకం పెట్టుకోకండి. వీహెచ్ఎఫ్ రేడియో, ఛానల్ 16 ఎప్పుడూ ఆన్‌లో. లైఫ్ జాకెట్లు, హార్నెస్, డెక్ పొడవునా కట్టిన పట్టీలు. డింగీ నడిపేటప్పుడు ఇంజిన్ ఆపే తాడు మణికట్టుకి కట్టుకోండి, నిశ్శబ్దమైన ఖాళీ లంగరు చోట్లలో కూడా. రాత్రి డింగీని నీళ్ళలో వదలకుండా పైకెత్తేయండి, దొంగతనం భయమూ ఉండదు, అడుగున నాచూ పట్టదు.

దేశం మారేటప్పుడు కాగితాలు?

వదిలి వెళ్ళే దేశం నుంచి బయటికి వెళ్తున్నట్టు క్లియరెన్స్ కాగితం తీసుకోండి, అది లేకపోతే తర్వాతి దేశంలో చాలా ఇబ్బంది. కొత్త దేశంలో అధికారికంగా ప్రవేశం ఉన్న రేవులోకే ముందు వెళ్ళాలి, పసుపు జెండా ఎగరేయాలి, అధికారులు ఒప్పుకునేదాకా కెప్టెన్ తప్ప ఎవరూ దిగకూడదు. తర్వాత ఆ దేశం జెండా కుడివైపు కట్టాలి, చిరిగిపోయింది కట్టకండి.

ఒంటరిగా వెళ్ళొచ్చా?

జాషువా స్లోకమ్ 1895లో బోస్టన్ నుంచి స్ప్రే అనే 11 మీటర్ల పడవలో ఒక్కడే బయల్దేరి 1898లో ప్రపంచం చుట్టి వచ్చాడు, దారిలో 1897లో గ్రేట్ బారియర్ రీఫ్ లోపలి దారినే, ట్రేడ్ విండ్ వెనకేసుకుని వెళ్ళాడు. కాబట్టి వెళ్ళొచ్చు. కానీ చాలామంది సముద్రం మధ్యలో ఒంటరితనం గురించి భయపడతారు, నిజానికి ఒంటరి మనిషికి తీరమే కష్టం. నడిసముద్రంలో కాసేపు నిద్రపోవచ్చు, తీరం పక్కన దిబ్బలు, వలలు, ఓడలు, ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకునే వీలుండదు. పైగా సందులో ముందు నిలబడి నీళ్ళు చూసే మనిషి లేడు, చుక్కాని వదిలి మీరే పరిగెత్తాలి. అందుకని ఒంటరిగా అయితే రోజుకి 20 మైళ్ళే పెట్టుకోండి, బయటి నుంచి సూటిగా, వెడల్పుగా ఉన్న సందులున్న చోట్లే ఎంచుకోండి, మొదటిసారి వెళ్ళిన దారిని జీపీఎస్‌లో దాచుకుంటే బయటికి వచ్చేటప్పుడు, పొద్దున ఎంత మసకగా ఉన్నా, అదే గీత మీద వెనక్కి రావొచ్చు.

చెత్త, టాయిలెట్, సన్‌స్క్రీన్?

ప్లాస్టిక్ ముక్క కూడా సముద్రంలో వెయ్యకూడదు, అంతర్జాతీయ చట్టం 1988 నుంచి ఉంది. అట్టపెట్టెలు పడవలోకే తేవద్దు, బొద్దింకలు వాటిలోనే గుడ్లు పెడతాయి, సామాను రేవులోనే విప్పి తెచ్చుకోండి. మూసుకుపోయిన లగూన్లలో (దిబ్బల లోపలి ఉప్పునీటి మడుగుల్లో) టాయిలెట్ ట్యాంకులోకే పోనివ్వండి, బయట లోతులో ఖాళీ చేసుకోవచ్చు, అది కూడా అక్కడి రూల్స్ ఒప్పుకుంటేనే. ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ పగడాలకి హాని అని పలావు అనే పసిఫిక్ దీవుల దేశం 2020 నుంచి, హవాయి 2021 నుంచి అమ్మకం ఆపేశాయి, జింక్ ఆక్సైడ్ రకం తీసుకోండి, ఇంకా మంచిది పొడుగు చేతుల చొక్కాతోనే ఈదండి.